కొసరునాటి విందులో ధూమ్రజిహ్వుడు

పారావతగిరి రాజకుమారుడు చంద్రకేయూరుడు భయపడగా చూసిన మనిషి ముల్లోకాల్లోనూ లేడు. పులి ఎదురైతే దాని మీసం పట్టుకుని పక్కకు జరిపి దారి చేసుకుపోయినవాడు. కొండచిలువ చుట్టుకుంటే చలికాలంలో దుప్పటి దొరికిందని ఆవలించి నిద్రపోయినవాడు. అటువంటివాడు ఈ ప్రకరణంలో ఎక్కడైనా వణికాడని తేలితే నా మీసం నున్నగా గొరిగించుకుని నాలుగు వీధులూ తిరిగి వస్తాను. మీరంతా సాక్షులు.

ప్రస్తుతం ఆ వీరుడు మబ్బుల్లో, ఒక రాక్షసుడి భుజం మీద కాళ్ళు వేలాడేసుకుని పోతున్నాడు.

ఆ రాక్షసుడు ధూమ్రజిహ్వుడు. పేరుకు తగ్గట్టే వాడు నోరు తెరిస్తే నాలుక ఉండవలసిన చోట పొగ సుడులు తిరుగుతుంది. తాటిమాను లాంటి మెడ, ఆ మెడలో ఎండు సొరబుర్రల దండ. ఒక్కో బుర్రలో ఒక్కో మనిషి ప్రాణం. గాలి వీచినప్పుడల్లా ఆ బుర్రలు ఒకదానికొకటి తగిలి గలగలమంటుంటే, లోపలున్నవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు విసుక్కోవడం సన్నగా వినిపిస్తుంది.

వాడి బేరం ఎప్పుడూ ఒక్కటే. అడిగినవాడికి అడిగిందల్లా ఇస్తాడు. రాజ్యమంటే రాజ్యం, రూపమంటే రూపం, విద్య అంటే విద్య. ఇచ్చి ఇచ్చి, తీసుకున్నవాడి నోటినుంచి 'చాలు' అన్న మాట ఎప్పుడు రాలుతుందా అని కాచుకుంటాడు. చాలన్నా, వద్దన్నా, ఇక నావల్ల కాదన్నా వాడికి ఒకటే. ఆ మాట రాలిందా, ప్రాణం బుర్రలోకి జారినట్టే.

చంద్రకేయూరుడి తండ్రి ఉదగ్రసేన మహారాజు చదువు పిచ్చిలో పడి, లోకంలోని శాస్త్రాలన్నీ నేర్పమని వీడి చేతి తాంబూలం పుచ్చుకున్నాడు. నక్షత్రాల నడక నేర్చాడు, చీమల భాష నేర్చాడు, రాయిలో నిప్పు ఎక్కడ దాక్కుంటుందో నేర్చాడు. ఎంత నేర్చినా ఇంకా ఇంకా అన్నవాడు, ఒకనాడు తోటలో నడుస్తూ విచ్చుకుంటున్న మల్లెపొద దగ్గర ఆగి, "ఆహా, ఈ జన్మకిది చాలు" అన్నాడు. శాస్త్రాల దగ్గర తొణకనివాడు మల్లెపూల దగ్గర జారిపడ్డాడు. దండలో అన్నిటికన్నా చిన్నది, బొడ్డుమల్లె అంత తెల్లగా ఉండే బుర్ర ఆయనదే.

తండ్రిని విడిపించుకోవడానికి కొడుకు రాక్షసుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళి తానూ తాంబూలం పుచ్చుకున్నాడు. అయితే పుచ్చుకునే ముందు ఒక మెలిక పెట్టాడు. కట్టుబాటు అన్నాక ఇద్దరికీ ఒకటే ఉండాలి, తాను చాలంటే తన ప్రాణం రాక్షసుడిది, రాక్షసుడే ఆ మాట అంటే వాడి మెడలో దండ తెగిపోవాలి. ధూమ్రజిహ్వుడికి నవ్వాగలేదు. వాడి కడుపుకు అడుగు లేదు. చెరువు తాగి గొంతు తడవలేదనే రకం.

"సరే, తెగుతుందిలే. తెగిన బుర్రల్ని ఏరుకుని పగలగొట్టుకోవడం మాత్రం నీ పని," అన్నాడు.

అది మొదలు రాజకుమారుడికి తీరిక లేదు. ధూమ్రజిహ్వుడు అతణ్ణి స్ఫటిక నగరానికి తీసుకుపోయాడు. అక్కడ మేడలు తెల్లవారుజామున గులాబి రంగులో కరిగి, మిట్టమధ్యాహ్నానికి బంగారమై గడ్డకట్టి, వెన్నెల్లో పాలై పారతాయి. వీధి వీధికీ వీణలు వాటంతటవే మోగుతాయి. చంద్రకేయూరుడు చుట్టూ చూసి, "బావుంది. ఇంకా?" అన్నాడు. రాక్షసుడు నాగలోకంలో పడగల మీది మణులతో పాచికలాడించాడు. "ఇంకా?" అన్నాడు. వాడు మేఘాల వెనక గంధర్వుల రథప్పందెంలో ఏడు రంగుల గుర్రాన్ని ఎక్కించాడు. గుర్రం కట్టుతప్పి సూర్యమండలం కేసి దూసుకుపోయింది. జూలు అంటుకుంది, కిరీటం కరిగి చెవుల్లోకి కారింది. చంద్రకేయూరుడు గుర్రం తోక పట్టుకుని వెనక్కి దూకి, మంటలార్పుకుంటూ, "దీని తమ్ముడెవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

రాక్షసుడికి తలనొప్పి పట్టుకుంది. ఒక మబ్బు మీద కూలబడి ఆలోచిస్తుంటే, మనుషుల్లో ఎప్పుడో విన్న మాట గుర్తొచ్చింది. బంగారమిస్తే చాలన్నవాడు లేడు, అన్నం పెడితే చాలననివాడు లేడు.

పొగ నవ్వు నవ్వుతూ వాడు రాజకుమారుణ్ణి భుజానికెత్తుకుని కిందికి దిగాడు. దిగిన చోటు కొసరునాడు.

ఆ సీమ అందం చెప్పాలంటే చెప్పేవాడికి ముందు ఆకలి వేయాలి. వేణుమతి నదికి రెండు వైపులా వరిచేలు పచ్చపట్టు పరిచినట్టు ఉంటాయి. గట్ల మీద అరటితోటలు గెలల బరువుకు ఒంగి నమస్కారాలు పెడుతుంటాయి. పొయ్యి లేని ఇల్లుండదు, పొగ లేని పొయ్యి ఉండదు. ఇంగువ పోపు వాసన దారి తప్పిన బాటసారుల చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపిస్తుంది.

అక్కడి మర్యాద కూడా అంత గట్టిది. భోజనానికి ముందు అతిథిని మీరెవరని అడగడం మహాపాపం. పంక్తిలో కూర్చున్నవాడు నోరు తెరిచి చాలనేదాకా వడ్డన ఆపడం అంతకంటే పాపం. చెయ్యి అడ్డం పెడితే చేతి మీద వడ్డిస్తారు. విస్తరి మీదికి వంగి కాపాడుకుంటే వీపు మీద వడ్డిస్తారు. పంక్తిలో అందరూ ముగించేదాకా ఒక్కడూ లేవడానికి వీల్లేదు. ఇదంతా ధూమ్రజిహ్వుడికి తెలుసు. తెలిసే వచ్చాడు.

ఆ పూట అక్కడ పేరిందేవమ్మ అనే భాగ్యశాలి ఇంట పెద్దమ్మాయి పెళ్ళి. నది ఒడ్డునే కొబ్బరాకుల పందిరి. మగపెళ్ళివారు ఇంకా రాలేదు. వంటలు చల్లారిపోతున్నాయని ఆవిడ గుమ్మానికీ గాడిపొయ్యికీ మధ్య తిరుగుతోంది. అప్పుడు దారి మలుపులో జరీ తలపాగా, మెడలో పగడాల దండ, చేతిలో వెండిపొన్ను కర్రతో పెద్దమనిషి ఒకడు కనిపించాడు. వెనకే చంద్రుడి తునక లాంటి కుర్రవాడు. పెద్దమనిషి రాక్షసుడని, పగడాలు సొరబుర్రలని ఆవిడకేం తెలుసు? అడగకూడదు గదా. సన్నాయి మోగించమంది. బిందెలతో నీళ్ళు తెప్పించి ఇద్దరి కాళ్ళూ కడిగించింది.

"ఆలస్యమైనా అన్నయ్యగారు చల్లగా వచ్చారు. రండి, రండి. అల్లుడుగారు మరీ చిక్కిపోయారే," అంది.

చంద్రకేయూరుడు నోరు తెరవబోయాడు. రాక్షసుడు అతని భుజం మీద చెయ్యి వేసి, "మావాడికి మొహమాటం ఎక్కువ చెల్లెమ్మా. వాడు చెయ్యి అడ్డం పెట్టినా మీరు పట్టించుకోకండి," అన్నాడు.

ఇద్దరికీ పక్కపక్కన పీటలు వేశారు. నిలువెత్తు అరటాకులు పరిచారు. తర్వాత జరిగింది వడ్డన అనడం కంటే ముట్టడి అనడం న్యాయం. పనసపొట్టు కూర ఎడమవైపు నుంచి వచ్చింది. ఆవపెట్టిన అరటికాయ కుడివైపు నుంచి వచ్చింది. గుమ్మడికాయ దప్పళం మధ్యలో చెరువై నిలిచింది. పులిహోర గుట్ట వెనక గారెల గుట్ట, గారెల గుట్ట వెనక నేతి ధార. ఆకు ఖాళీ అయినచోటు ఖాళీ అయినట్టు కనిపించకముందే నిండుతోంది.

మొదట్లో చంద్రకేయూరుడు యుద్ధతంత్రం ప్రయోగించాడు. వద్దనకూడదు గనక, ఉన్నది కాక లేనిది అడగడం మొదలుపెట్టాడు. కాస్త వాక్కాయ పప్పుంటే బావుండునన్నాడు. ఉంది, వచ్చింది. ఉసిరితొక్కు అడిగాడు. మూడేళ్ళ జాడీ మూత తీశారు. చివరికి చెట్టున పట్టిన తేనె అప్పటికప్పుడు పిండి పోస్తే గాని తమ వంశంలో పరవాన్నం ముట్టరన్నాడు. ఇద్దరు మనుషులు నిచ్చెన తీసుకుని తోటలోకి పరిగెత్తారు. ఆ కాస్త వ్యవధిలో అతను నడుము పట్టీ వదులు చేసుకున్నాడు. ఇటు వీళ్ళు తేనెతో తిరిగొచ్చారు. వెనక తేనెటీగలు కూడా వచ్చాయి గాని, పేరిందేవమ్మ వాటిని కూడా బెల్లం దిమ్మ దగ్గర కూర్చోబెట్టి మర్యాద చేసింది.

అప్పుడు బూరెలు వచ్చాయి.

వెదురుబుట్ట నిండా బంగారు బంతుల్లా, ఒక్కోటీ రాజకుమారుడి పిడికిలంత ఉన్నాయి. ఆవిడ ఒక బూరె నడినెత్తిన బొటనవేలితో చిల్లు పెట్టి, అందులో నెయ్యి నింపి, ఆకు మీద పెట్టింది. దాని పక్కన ఇంకోటి పెట్టింది. బుట్ట ఇంకా నిండుగానే ఉంది. చంద్రకేయూరుడి గొంతుదాకా అన్నం ఉంది. పొట్ట మృదంగంలా బిగిసింది. నుదుటి నుంచి చెమట చుక్క జారి పులిహోరలో పడింది. 'చా' అన్న అక్షరం పళ్ళ వెనకదాకా వచ్చి తలుపు తడుతోంది. అతను వణికాడు. అవును, వణికాడు. పులికీ పాముకీ వణకనివాడు బూరెకు వణికాడు. నా మీసం సంగతి ఇప్పుడెందుకు లెండి, ఎలాగూ ఎండాకాలం వస్తోంది.

పక్కన ధూమ్రజిహ్వుడు మాత్రం గోనెసంచిలో ధాన్యం పోసినట్టు తింటున్నాడు. కూరలు గంగాళంతో సహా వాడి ముందుకు వస్తున్నాయి, వట్టి గంగాళాలు వెనక్కి పోతున్నాయి. వంటవాళ్ళు చేతులెత్తేయలేదు సరిగదా, ఇంత చక్కగా తినే వియ్యంకుడు దొరకడం పిల్ల అదృష్టమని గాడిపొయ్యికి ఇంకో బారెడు తవ్వారు. వాడు అరకంట రాజకుమారుణ్ణి చూసి గొణిగాడు.

"ఒక్క మాట, అబ్బాయీ. ఒక్క మాటంటే ఈ బాధ తీరిపోతుంది. మీ నాన్న పక్కనే చోటుంచాను."

సరిగ్గా అప్పుడు అరటిబోదెల చాటునుంచి గాజుల చప్పుడు వినిపించింది. ధూమ్రజిహ్వుడు కొసరునాటి వడ్డన గురించి అన్నీ తెలుసుకున్నాడు గాని, ఒక్క సంగతి తెలుసుకోలేదు. ఆ సీమలో వియ్యంకుణ్ణి వట్టి అన్నంతో పంపరు. పాటలు పాడి, తిట్టి మరీ పంపుతారు.

పెళ్ళికూతురి చెల్లెలు కుందనిక ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని ఎదురుగా వచ్చి కూర్చుంది. చెంపకు చేరెడు కళ్ళు, కళ్ళకు మించిన నోరు. గొంతు సవరించుకుని ఎత్తుకుంది.

"వియ్యంకుడొచ్చాడు చూడరమ్మా
విస్తరిని దాచండి వేగిరమ్మా
మీసాలు చూడబోతే మేకతోకలే
మింగుడు చూడబోతే ఊరబావులే."

పందిరంతా ఘొల్లుమంది. ధూమ్రజిహ్వుడి చేతిలో ముద్ద ఆగింది. వాడి జన్మలో వాణ్ణి చూసి ఏడ్చినవాళ్ళున్నారు, మూర్ఛపోయినవాళ్ళున్నారు గాని నవ్వినవాళ్ళు లేరు. పైకి మాత్రం పెద్దమనిషిలా తలూపి మళ్ళీ ముద్ద కలిపాడు. కుందనిక వాడి ముక్కు మీద పాడింది. నడక మీద పాడింది. వాడు మజ్జిగపులుసు తాగుతూనే ఉన్నాడు. తర్వాత, ఎప్పుడూ పాడే వరసే గనక, వియ్యంకుడి తల్లి మీదికి వెళ్ళింది.

"కన్నతల్లి ఎవరమ్మ ఈయనగారికీ
కవ్వమెత్తి కొట్టిందా చిన్ననాటికీ."

ఆ మాటకు రాక్షసుడి చెవి టపటపలాడింది. జరీ తలపాగా కింద ఆ చెవి ఒక్క క్షణం ఏనుగు చెవంత అయి మళ్ళీ చిన్నదైంది. ఎవరూ గమనించలేదు. చావుబతుకుల మధ్య బూరె నములుతున్న చంద్రకేయూరుడు ఒక్కడే గమనించాడు.

అతనికి ఊపిరి ఆడలేదు గాని ఆశ పుట్టింది. నెయ్యి కారుతున్న చేత్తోనే కుందనికకు సైగ చేసి, పక్కనున్న తన తండ్రిగారికి ఆయన తల్లి మీద పాటలంటే పంచప్రాణాలని, అడగడానికి సిగ్గుపడుతున్నారని, ఎంత గట్టిగా పాడితే అంత సంతోషిస్తారని చెప్పాడు.

"అంతేనా బావగారూ," అంది కుందనిక. "మావగారు అడగడం, మేం కాదనడమూనా?"

ఆడవాళ్ళంతా ముందుకు జరిగారు. చప్పట్లు జోరెత్తాయి. తల్లి వండిన గంజి మీద ఒక పాట, తల్లి ఊపని ఉయ్యాల మీద ఒక పాట. పెద్దమనిషి మెడ నరాలు ఉబ్బాయి. ముక్కుపుటాల్లోంచి సన్నగా పొగ వస్తుంటే పేరిందేవమ్మ కారం ఎక్కువైందనుకుని మంచినీళ్ళు పోసింది. రెండు చేతులతో చెవులు మూసుకుందామంటే కుడిచెయ్యి ఎంగిలి. లేచి పోదామంటే పంక్తిలో కొత్తల్లుడు ఇంకా తింటున్నాడు. చంద్రకేయూరుడు వాడి కళ్ళలోకే చూస్తూ, ప్రాణాలు కూడగట్టుకుని, ఇంకో బూరె అందుకున్నాడు. కుందనిక పై చరణం ఎత్తింది.

"వాళ్ళమ్మ ఒక ముద్ద పెట్టలేదేమో
వాడి కడుపు అందుకే నిండలేదేమో
ఊరూర తిరిగేను ఊరక కాదమ్మా
ఆ ముద్ద కోసమే అడుక్కుంటాడమ్మా."

"చాలు," అన్నాడు ధూమ్రజిహ్వుడు.

అరవలేదు. చాలా చిన్నగా అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళున్నాయి.

ఫెళ్ళున దండ తెగింది. పగడాలు నేల తాకుతూనే సొరబుర్రలైపోయాయి. పందిట్లో పరిచిన రాతిపలకల మీద పడ్డవి పడ్డట్టు పగిలాయి. ఒక దాంట్లోంచి సేనాపతి తుమ్ముతూ లేచాడు. ఇంకోదాంట్లోంచి నాట్యకత్తె ఒక కాలి గజ్జె వెతుక్కుంటూ లేచింది. జ్యోతిష్కుడు, వజ్రాల వర్తకుడు, తపసు చెడిన ముని, ఎవరికి వారే ఎన్నాళ్ళ ఆకలితోనో చుట్టూ చూస్తున్నారు. పేరిందేవమ్మ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. మగపెళ్ళివారి బలగం ఇంత పెద్దదని ముందు చెప్పనే లేదని నొచ్చుకుని, అందరికీ ఆకులు వేయించింది.

నిజరూపంతో పందిరి కొబ్బరాకులకు తల తగులుతూ కూర్చున్న రాక్షసుణ్ణి కూడా ఆవిడ ఆ చూపుతోనే చూసింది. గిన్నెలో పెరుగన్నం కలిపి, మాగాయ ముక్క అద్ది, చేతికి ముద్ద అందించింది.

"పిల్లలు ఏదో వేళాకోళమాడారు, ఏమీ అనుకోకండి అన్నయ్యగారూ. చివర్లో పెరుగు తినకుండా లేవకూడదు."

ధూమ్రజిహ్వుడు ఆ ముద్ద తిన్నాడు. నిమ్మళంగా నమిలాడు. కాసేపు మింగకుండా ఊరుకున్నాడు కూడా.

చంద్రకేయూరుడికి మాత్రం అదంతా చూసే తీరిక లేదు. చిన్న తెల్ల బుర్ర ఏదీ? పీటల కింద లేదు. గంగాళాల వెనక లేదు. చేతులు కడిగే కాలవలో టుబుక్కున చప్పుడైంది. ఉదగ్రసేన మహారాజు ప్రాణం ఎంగిలి నీళ్ళలో మునిగి తేలుతూ వేణుమతి కేసి పోతోంది.

"నాన్నగారూ," అని కేకేశాడు రాజకుమారుడు.

"ఎవరది, కేయూరా? వంకర కాలవలో నీటి పోకను గురించి చక్కని సూత్రమొకటి ఉంది, విను," అని బుర్రలోంచి సన్నగా జవాబొచ్చింది.

సరిగ్గా ఆ క్షణాన ఊరి పొలిమేరలో భేరీలు మోగాయి. అసలు మగపెళ్ళివారు వచ్చారు. పందిట్లో తమ పీటల మీద ఎవరో కూర్చుని చేతులు కడుగుతున్నారని తెలిసి, కత్తులు దూసి పరిగెత్తుకొస్తున్నారు. ఇటు ధూమ్రజిహ్వుడికి పెరుగన్నం అరిగి బుద్ధి తిరిగొచ్చింది. కళ్ళు తుడుచుకుని, "ఏరుకోవడం నీ పనన్నాను గాని, నేను ఏరుకోననలేదు," అంటూ కొండంత గద్దయి, పందిరి చీల్చుకుని ఎగిరాడు.

పరిగెత్తే స్థితిలో రాజకుమారుడు లేడు. నడవడమే కష్టం. ఒడ్డున, తళతళా తోమి బోర్లించిన ఇత్తడి గుండిగ కనిపించింది. దాన్ని వెల్లకిలా తిప్పి నీళ్ళలోకి నెట్టి, తాను అందులోకి దొర్లాడు. వెనకే ధబ్బుమని ఇంకెవరో దూకారు. కుందనిక, చేతిలో బారెడు చెక్క తెడ్డు.

"నువ్వెందుకు?" అన్నాడు.

"బావగారు కానివారూ, మా గుండిగ పట్టుకుపోతుంటే చూస్తూ ఊరుకోనా? అసలు వియ్యాలవారికి దేంట్లో వండమంటారు?" అంటూనే తెడ్డు వేసింది.

గుండిగ గిర్రున తిరుగుతూ నది మధ్యకు దూసుకుపోయింది. ముందు బుర్ర, బుర్ర వెనక గుండిగ, పైన గద్ద నీడ. ఒడ్డుల వెంట మగపెళ్ళివారి బాణాలు ఇత్తడికి తగిలి ఖంగు ఖంగుమని తాళం వేస్తున్నాయి. నది ఇరుకైంది. నీళ్ళు నల్లబడ్డాయి. ఎదురుగా ఇంద్రధనుస్సులు అల్లుకున్న తెల్లని పొగ లేచింది, దాని కింద వంద సింహాలు ఒక్కసారి గర్జించినట్టు చప్పుడు. వేణుమతి పాతాళానికి దూకే చోటు అదే. మహారాజు జలపాతాల ఎత్తు కొలిచే ఉపాయం చెబుతూనే ఉన్నాడు. గద్ద రెక్కలు ముడుచుకుని రాలింది. చంద్రకేయూరుడు ముందుకు వంగి చెయ్యి చాచాడు. గద్ద గోళ్ళు బుర్రకు ఒకవైపు, అతని వేళ్ళు ఇంకోవైపు బిగుసుకున్నాయి. కుందనిక తెడ్డు ఎత్తి గద్ద ముక్కు మీదికి గురిచూసింది. గుండిగ జలపాతం అంచు దాటి గాల్లోకి లేచింది.

దాన్ని వచ్చే ప్రకరణందాకా అక్కడే, గాల్లోనే ఉండనిచ్చి, ఒక మాట ఒప్పుకోవాలి. రాక్షసుడు నిజం. బుర్రలు నిజం. తేనెటీగలకు చేసిన మర్యాద నిజం. నేను కల్పించిందల్లా ఒక్కటే. గుండిగను తోమి బోర్లించారన్నాను చూడండి, అది అబద్ధం. పెళ్ళివారింట్లో ఆ వేళప్పుడు గుండిగ తోమే తీరిక ఎవరికుంది? అడుగున బూరెల బెల్లంపాకం జానెడు మందాన అంటుకునే ఉంది. అంత ఎత్తునుంచి పడుతూ కూడా మా రాజకుమారుడు కూర్చున్న చోటు కదలకుండా, తండ్రి ప్రాణాన్ని పట్టిన పట్టు వదలకుండా ఉన్నాడంటే, అందులో సగం వీరత్వం, మిగతా సగం పాకం.